ఏడు కొలతలూ ఒక తలుపూ

ఆదివారం ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. అలెగ్జాండ్రియాలో ఒక పోలీసు ఠాణా వెనక గది.

"చల్లగదిలో పురుగు కూడా లేదయ్యా. రెండు కళ్ళతో చూశాకే తాళం వేశాను," అన్నాడు ఆస్పత్రి అటెండరు ఖలఫ్.

ఆ మాట అతను నిన్న పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. విన్నవాళ్ళలో నమ్మినవాడు ఒక్కడూ లేడు. ఎదురుగా కూర్చున్న రాగిబ్ కూడా నమ్మానని అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, ఎడమ కన్ను చెడి, ముందుగానే ఇంటిదారి పట్టి, ఇప్పుడు లాయర్ల తరఫున ఆధారాలు వెతికిపెట్టే మనిషి అతను. నమ్మడాలూ నమ్మకపోవడాలూ లాయర్లకు వదిలేశాడు. తను టైములు అడుగుతాడు.

"ఎన్నింటికి వేశావు బాబాయ్?"

"రెండింటికి. రోజూ రెండింటికే. గురువారం మా అక్క మనవరాలి నిశ్చితార్థం. మూడింటికల్లా అక్కడున్నాను. రాత్రి దాకా వంద మంది చూశారు నన్ను."

"నువ్వు బయల్దేరేసరికి డాక్టరమ్మ ఎక్కడుంది?"

"కిటికీ దగ్గర, తన మిషను ముందు. కరెంటు ఎప్పుడొస్తుందా అని కూర్చుంది. 'నువ్వు వెళ్ళు బాబాయ్, పిల్లకి నా దీవెనలు చెప్పు' అంది. నేను మెట్లు దిగుతుంటే దీపాలు వెలిగాయి."

"చల్లగది తలుపుకి లోపల పిడి ఉండేదా?"

"ఎందుకుండదయ్యా! గుండ్రటి ఇత్తడి పిడి. బయట తాళం వేసినా, లోపలున్నవాడు దాన్ని గట్టిగా తోస్తే తలుపు తెరుచుకుంటుంది. బుధవారం నేనే నూనె పట్టించాను. శనివారం తెరిస్తే పిడి లేదు. ఆవిడ..."

అరవై రెండేళ్ళ మనిషి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

శనివారం ఎనిమిదింటికి, దానంగా వచ్చిన కళ్ళు దాచే ఆ చల్లగది తలుపు తెరిచి, నేలమీద ముడుచుకుని ఉన్న డాక్టర్ ఇన్‌షిరాహ్‌ను మొదట చూసింది అతనే. శుక్రవారం సెలవు. ఆ పరిశోధన విభాగం వైపు ఎవరూ తొంగిచూడలేదు. అంత చలిలో ఉన్న శరీరం ఏ గంటకు చల్లబడిందో చెప్పలేమని శవపరీక్ష చేసిన వైద్యుడు చేతులెత్తేశాడు. ఇక మిగిలింది తాళంచెవి. అది ఖలఫ్ దగ్గర ఉంది. ఆమె వారం కిందట అతని మీద చిన్న ఫిర్యాదు కూడా రాసింది, సీసాలు విరగ్గొడుతున్నాడని. మేజర్ తైమూర్‌కు అంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నం రెండింటికి ఖలఫ్‌ను ప్రాసిక్యూటర్‌కు అప్పగించేందుకు కాగితాలు సిద్ధమయ్యాయి. ఆ గుమ్మం దాటితే ఈ వయసులో మళ్ళీ ఇల్లు చూడడం కల్ల.

రాగిబ్ లేచాడు. ఎడమ కంటికి ఖలఫ్ ఇంకా ఆవిరి పట్టిన అద్దం వెనక మనిషిలాగే ఉన్నాడు. రోజూ పొద్దున ఇంతే, మధ్యాహ్నానికి కాస్త తేటపడుతుంది. ఆ కంటికి వైద్యం చేస్తూ వచ్చింది ఇన్‌షిరాహే. గురువారం పదకొండున్నర దాకా ఆమె ఆస్పత్రి కింది అంతస్తులో అతని కంట్లోకి దీపం వేసి చూసింది. "ఆదివారం రండి, మీకో సంగతి చెప్పాలి," అంది. ఇవాళే ఆదివారం.

*

"ఆమె చాలా మంచి పరిశోధకురాలు," అన్నాడు డాక్టర్ వఫీక్. చావు కబురు చెప్పేటప్పుడు వాడే గొంతు అతనికి ఒకటి ప్రత్యేకంగా ఉంది. విభాగానికి పెద్ద అతను. బల్ల మీద మూడు పెన్నులు ఒకే వరసలో ఉన్నాయి. గోడ గడియారం పదకొండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

"గురువారం ఆవిడ ఏం పరిశోధిస్తున్నారు డాక్టరుగారూ? పోలీసు బుర్రకి అర్థమయ్యేలా చెప్పండి."

"దానంగా వచ్చిన ఒక కార్నియాని. కంటి ముందుండే అద్దంలాంటి పొర. చలిలో దాస్తాం. అది..."

"దానికి లోపలివైపు ఒక్క వరస కణాలుంటాయి. అంతేనా?"

వఫీక్ కనుబొమలు లేచాయి. "మీకు తెలుసన్నమాట."

"చెడిపోయినవి నా కంట్లోనే ఉన్నాయి కదండీ. తెలియక చస్తుందా!"

నిజానికి అదంతా ఇన్‌షిరాహ్ చెప్పిందే. ఆమె చెప్పే తీరు వేరు, పేరు చివర మర్యాదగా 'బే' చేర్చి పిలిచేది. 'మన అన్‌ఫూషీ రేవులో చెక్కపడవలు చూశారుగా రాగిబ్ బే? అడుగున ఎప్పుడూ కాస్త కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. ఒకడు కూర్చుని తోడుతూనే ఉండాలి. కార్నియా కూడా అంతే, లోపలి నుంచి నీరు ఊరుతుంది. ఆ కణాలు తోడుతూ ఉంటాయి. తోడడం ఆగితే పొర ఉబ్బుతుంది, మసకబారుతుంది. తమాషా ఏమిటంటే, అవి నీళ్ళను మోయవు. ఉప్పును మోస్తాయి. ఉప్పు రేణువుల్ని లోపలి వైపుకి నెట్టేస్తాయి. నీళ్ళు ఉప్పు వెంట పరిగెత్తుకుంటూ పోతాయి.' నిద్రలో కన్ను మూసి ఉంటే తడి ఆరే దారి కూడా ఉండదు కాబట్టి తనకు పొద్దున్నే మసక ఎక్కువని అప్పుడే తెలిసింది రాగిబ్‌కు. చలిలో పెడితే ఆ తోడేవాళ్ళు నిద్రపోతారనీ, వెచ్చబెడితే బతికున్నవాళ్ళు లేచి మళ్ళీ పని మొదలుపెడతారనీ, చచ్చినవాళ్ళు మాత్రం లేవరనీ ఆమే చెప్పింది.

"గురువారం పన్నెండింటికి కరెంటు పోయింది," అన్నాడు వఫీక్. "రోజూ పోయేదే, పన్నెండు నుంచి రెండు. చల్లగదికి జనరేటర్ ఉంది కాని ఈ ప్రయోగశాలకి లేదు. గోరువెచ్చటి నీరు తిప్పే మోటారు ఆగిపోయింది. కార్నియా చల్లబడి ఉబ్బడం మొదలైంది. ఇరవై నిమిషాలకోసారి మందం కొలిచి రాసింది పాపం. ఏడు కొలతలు. ఐదువందల అరవై మైక్రాన్ల నుంచి ఆరువందల నలభై దాకా. అంటే రెండింటికి ఆఖరి కొలత. విసిగిపోయి ఇంకో కార్నియా తెద్దామని చల్లగదిలోకి వెళ్ళి ఉంటుంది. ఆ ముసలాడు చూడకుండా... లేదా చూసే... తాళం వేశాడు."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"ఒకటిన్నరకే ఇంటికి వెళ్ళిపోయాను. మా వాచ్‌మన్‌ని అడగండి."

"అడుగుతాను. ఆ కార్నియా మంచిదేనా?"

"పనికిరానిదని నేను అంతకుముందే రాసేశాను. ఆమె మొండిది, మళ్ళీ చూస్తానంది. చూసింది కదా! మోటారు మళ్ళీ తిరిగాక కూడా దాంట్లో చలనం లేదు."

రాగిబ్ రాసుకుంటున్న పెన్సిలు ఆగింది.

"మోటారు మళ్ళీ తిరిగింది రెండింటికి కదా డాక్టరుగారూ?"

"అవును."

"మీరు ఒకటిన్నరకే ఇంట్లో ఉన్నారు. ఆఖరి కొలత రెండింటికని మీరే అన్నారు. మరి ఆ తరవాత చలనం లేదని ఎవరు చెప్పారు మీకు?"

వఫీక్ వరసలో ఉన్న పెన్నుల్లో నడిమిదాన్ని కాస్త జరిపాడు. మళ్ళీ వరసలో పెట్టాడు. "అలాంటివాటిలో ఉండదు. అనుభవంతో చెప్పాను," అన్నాడు. "నాకు ఆపరేషన్ ఉంది. ఏమీ అనుకోకండి. అన్నట్టు, ఎదురుచూసేవాళ్ళ జాబితాలో మీ పేరుంది కదూ? మూడుసార్లు పిలిచి వెనక్కి పంపాం. వచ్చిన కార్నియా మూడుసార్లూ పనికిరానిదైంది. మీ దురదృష్టం."

ఆ 'దురదృష్టం' అన్న మాట రాగిబ్‌కు నచ్చలేదు. తినే అన్నంలో రాయి తగిలినట్టయింది.

*

పదకొండు ఇరవై ఐదు. ప్రయోగశాలలో, ఇన్‌షిరాహ్ బల్ల దగ్గర, మేజర్ తైమూర్ కుర్చీలో వెనక్కి వాలి బీన్స్ శాండ్‌విచ్ తింటున్నాడు. పక్కన గుమాస్తా నివేదిక టైపు చేస్తున్నాడు.

"రండి సర్ రండి! ఒంటికన్ను వేట ఎలా సాగుతోంది?"

తొమ్మిదేళ్ళ కిందట ఈ తైమూర్‌కు వేలిముద్ర తీయడం నేర్పింది రాగిబ్. ఇప్పుడతను మేజర్. గురువు రిటైరయ్యాడు. అయినా 'సర్' అనడం మానలేదు, అనే తీరు మాత్రం మారింది.

"ఆవిడ నోట్‌బుక్కు చూపించు."

"నివేదికలో టైపు చేశాం కదా. చదువుకోండి." ఒక కాగితం ముందుకు తోశాడు. 560, 573, 586, 600, 613, 627, 640.

"నాకు టైపు చేసింది వద్దు. ఆవిడ రాసింది కావాలి."

"మీకు అనుమానం రోగం సర్. కంటి రోగం కన్నా అదే ఎక్కువ."

"నీకు తొందర రోగం. శిక్షణలో ఉన్నప్పుడు కూడా శవం లేవకముందే కేసు మూసేసేవాడివి."

గుమాస్తా టైపు చేయడం ఆపి కిటికీలోంచి బయటికి చూశాడు. తైమూర్ చేతులు తుడుచుకుని, కాగితపు సంచిలోంచి నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. "రెండు నిమిషాలు. ముట్టుకోవద్దు."

రాగిబ్ కుడి కన్ను పేజీకి దగ్గరగా పెట్టాడు. వఫీక్ రాతలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఆ విభాగంలో అందరివీ అంతే. ఇన్‌షిరాహ్ మాత్రం తన సొంత నోట్‌బుక్కులో అరబ్బీలోనే రాసుకుంది. పైన గురువారం తేదీ, 'ఇరవై నిమిషాలకోసారి' అన్న మాటలు. కింద ఒకే వరసలో ఏడు అంకెలు. ఎడమ చివర 560, కుడి చివర 640. టైపు చేసినవాడు ఎడమ నుంచి మొదలుపెట్టి ఉన్నది ఉన్నట్టే ఎక్కించాడు.

కుడివైపు అంకెలు విశాలంగా, నింపాదిగా ఉన్నాయి. ఎడమకు వచ్చేకొద్దీ ఇరుకు. ఆఖరి రెండు అంకెలకు చోటు చాలక మార్జిన్‌లోకి ఎక్కి, 560 పూర్తిగా పైకి వంకర తిరిగి ఉంది.

అతను పేజీ నుంచి తల ఎత్తాడు.

"ఇది నీకు చదివి చెప్పింది ఎవరు?"

"డాక్టర్ వఫీక్. ఎందుకు?"

"నీ పెళ్ళి శుభలేఖ ఎటు నుంచి ఎటు చదివావురా తైమూర్?"

"ఏం ప్రశ్న సర్ ఇది! అరబ్బీ కదా, కుడి నుంచి ఎడమకి."

"మరి ఇది?"

తైమూర్ నవ్వబోయి ఆగాడు. వంగి చూశాడు. గుమాస్తా కూడా వంగాడు.

"ఎడమ నుంచి రాసుకుంటూ వచ్చినవాళ్ళకి కుడిపక్క చోటు చాలక ఇరుకవ్వాలి," అన్నాడు రాగిబ్. "ఇక్కడ ఎడమపక్క ఇరుకైంది. అంటే ఆవిడ మొదట రాసింది ఆరువందల నలభై. ఆఖరిది ఐదువందల అరవై. అది ఉబ్బలేదు. పల్చబడింది."

"అయితే ఏమిటి? అంకెలు అవే కదా!"

"అంకెలు అవే. గంటలు మారిపోయాయి. కరెంటు లేనప్పుడైతే ఉబ్బాలి. పల్చబడిందంటే మోటారు తిరుగుతోంది, కణాలు లేచి తోడుతున్నాయి. పదకొండున్నర దాకా ఆవిడ నా కన్నే చూస్తోంది. పన్నెండు నుంచి రెండు కరెంటు లేదు. ఇక మిగిలింది రెండు తరవాత. రెండింటి నుంచి ఇరవై నిమిషాలకోసారి ఏడు కొలతలు. ఆఖరి కొలతకి టైమెంత?"

గుమాస్తా పెదవులు కదిలించి లెక్కపెట్టాడు. "నాలుగు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"నాలుగింటికి ఆవిడ ఈ కుర్చీలో బతికి ఉంది. ఖలఫ్ మూడింటికే నిశ్చితార్థంలో ఉన్నాడు, వంద మంది సాక్షులు. ఆ గదికి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

తైమూర్ డాక్టర్ వఫీక్ గది వైపు చూశాడు.

"ఇంకో సంగతి చూడు. పల్చబడిందంటే అది బతికున్న కార్నియా. వఫీక్ పనికిరాదని రాసేసిన కార్నియా! చలికి ఉబ్బినదాన్ని చూపించి చచ్చిందని రాస్తాడు. రాసింది అవతల పారేశారని అందరూ అనుకుంటారు. అది డబ్బు పోసిన ఇంకెవరి కంట్లోకో పోతుంది. ఆ సంగతి ఆవిడ కనిపెట్టింది. కంటి పరిశోధనలో తల పండినవాడు ఈ వరసని పొరపాటున తిరగేసి చదివాడంటే నమ్ముతావా?" అన్నాడు రాగిబ్. మూడుసార్లు ఖాళీ కడుపుతో ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి అతను.

తైమూర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మొహంలో వెటకారం పోయింది.

"తప్పు నాదే సర్," అన్నాడు మెల్లగా. "ఖలఫ్ కాగితాలు ఆపిస్తాను. ప్రాసిక్యూటర్‌తో ఇప్పుడే మాట్లాడతాను. ఆ తలుపు పిడి సంగతి కూడా మీరే చూసి చెప్పండి. ఫొటోలు తీసేవాణ్ణి తీసుకుని పది నిమిషాల్లో వస్తాను."

రాగిబ్ పేజీని తన ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. చల్లగది వైపు కదలబోతుంటే తైమూర్ చేయి చాచాడు.

"ఫోన్ ఇక్కడ పెట్టండి సర్. నేరం జరిగిన చోటికి సొంత ఫోన్ కూడదు. మీరు నేర్పిందే."

రాగిబ్ నవ్వేశాడు. నేర్పిన పాఠం ఒక్కటైనా గుర్తుందని సంతోషం వేసింది. ఫోన్ బల్ల మీద పెట్టాడు.

*

పదకొండు యాభై రెండు. తలుపు మూసుకోకుండా ఎర్రటి ఇసుక బకెట్ అడ్డం పెట్టి, రాగిబ్ లోపలికి అడుగుపెట్టాడు. నాలుగు డిగ్రీలు. మూడు వైపులా ఉక్కు అరలు, వాటి మీద చిన్న సీసాలు, థర్మోకోల్ పెట్టెలు. పైన ఒకటే దీపం.

ముందు తలుపు చూశాడు. పిడి ఉండాల్సిన చోట వేలు పట్టేంత కన్నం, తలుపు మందమంతా దాటి అవతలి వసారాలోకి ఉంది. పిడి పాతబడి ఊడిపోయిందని తైమూర్ నివేదికలో రాశాడు. రాగిబ్ కన్నం అంచున వేలు తిప్పాడు. మరలు తిరిగే గాడి నిగనిగలాడుతోంది, తుప్పు లేదు. వేలికి నూనె అంటింది. బుధవారం ఖలఫ్ పట్టించిన నూనె. పాతబడి ఊడింది కాదు, ఎవరో పనిముట్టు పెట్టి తీశారు.

నేల మీద సుద్దతో గీసిన ఆకారం ఉంది. కుడిపక్క మూలకు, అర కిందికి ముడుచుకుని. చిన్న మనిషి. ఒక రాత్రి కాదు, బహుశా రెండు రాత్రులు. పిలిచి పిలిచి గొంతు పోయి ఉంటుంది.

వంగి ఆ మూల చూస్తుండగా బకెట్ నేల మీద రాసుకున్న చప్పుడు వినిపించింది.

తిరిగి రెండంగలు వేసేలోపు తలుపు వచ్చి చట్రంలో పడింది. బయట గడియ దిగింది.

"ఎవరది? వఫీక్! తలుపు తియ్యి!"

జవాబు లేదు. అతను భుజంతో గుద్దాడు. ఉక్కు కదల్లేదు. చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండు యాభై తొమ్మిది. నిమిషం తిరక్కముందే పైన దీపం ఆరిపోయింది. పన్నెండు. కరెంటు కోత తన టైముకి తను వచ్చింది. జనరేటర్ చల్లగాలి మిషనుకే, దీపానికి కాదు.

చీకట్లో మిగిలింది తలుపు కన్నంలోంచి వచ్చే పెన్సిలంత వెలుగు. ఆ వెలుగులో మంచి కన్నూ చెడ్డ కన్నూ ఒక్కటే. రాగిబ్ భయపడ్డాడు. ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు కూడా. పళ్ళు టకటకమంటుంటే తనకు తాను చెప్పుకున్నాడు: పది నిమిషాలు. తైమూర్ పది నిమిషాల్లో వస్తానన్నాడు. వేళాకోళం మనిషే కాని పోలీసు. వాడికి పని నేర్పింది నేనే.

గాలి మిషను ఎదురుగా నిలబడితే చలి ఎముకల్లోకి దిగుతోంది. తడుముకుంటూ ఆ కుడి మూలకే వెళ్ళి, ఆమె కూర్చున్నచోటే కూర్చున్నాడు. అక్కడ గాలి తక్కువ. ఆమె కూడా అందుకే ఆ మూల ఎంచుకుని ఉంటుంది. తల అర కిందికి వంచి, చేయి పైకి ఆనించాడు. అర అడుగున అంటించిన థర్మోకోల్ పలక తగిలింది. దాని మీద ఏవో గీతలు.

గోకిన గీతలు. గోరుతోనో, చెవిపోగుతోనో లోతుగా గీసినవి. నిలబడి వెతికినవాడికి కనిపించవు. దీపం వేసి చూసినా కనిపించవు. నేల మీద, చీకట్లో, చలికి ముడుచుకుని కూర్చున్నవాడి చేతికే తగులుతాయి. ఆమె అది ఎవరి కోసం రాసిందో తెలిసి రాగిబ్‌కు కళ్ళు చెమర్చాయి.

కొస వెతికి పట్టుకుని, కుడి నుంచి మొదలుపెట్టాడు. అక్షరాలు పెద్దవి. మొద్దుబారిన వేలితో ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. మొదటి మాట, 'చెప్పాను.' రెండోది చదవడానికి నిమిషం పట్టింది. 'మేజర్‌కి.'

మేజర్‌కి చెప్పాను.

వేలు ఆగిపోయింది. ఎడమవైపు ఇంకా ఉంది, ఇరుకుగా, పైకి వంకర తిరిగి. చోటు చాలక.

'ఇద్దరూ వచ్చారు.'

వసారాలో బూట్ల చప్పుడయింది. నింపాదిగా వచ్చే బూట్లు. తలుపు ముందు ఆగాయి. రాగిబ్ పాక్కుంటూ వెళ్ళి కన్నానికి కుడి కన్ను ఆనించాడు. ఖాకీ చొక్కా, ఇత్తడి బొత్తం, దాని పక్కన తెల్లకోటు అంచు.

"సర్," అన్నాడు తైమూర్ కన్నం దగ్గరికి వంగి, చాలా మర్యాదగా. "వేలిముద్ర తీయడం మీరే నేర్పారు. చెరపడం కూడా మీ దగ్గరే నేర్చుకున్నాను. మీ ఫొటో చెరిపేశాను."

"తైమూర్! ఆ ముసలాడు ఏ పాపమూ ఎరగడురా! వాణ్ణి..."

కాగితం చిరిగిన చప్పుడు, జిగురు వాసన. కేసు అప్పగించే ముందు ఆధారాలున్న గది మూసి ముద్ర వేస్తే కేసు తేలేదాకా ఎవరూ తెరవకూడదు. ఆ నియమం కూడా రాగిబ్ నేర్పిందే. సీలు కాగితం కన్నానికి అడ్డంగా వచ్చి అతుక్కుంది. పెన్సిలంత వెలుగు కూడా పోయింది.

కాగితానికి అవతల తైమూర్ గొంతు గట్టిగా వినిపించింది, వసారా చివరున్న గుమాస్తాకు వినపడేలా.

"రాగిబ్ బే వెళ్ళిపోయారు. చల్లగదిలో ఎవరూ లేరు, నా రెండు కళ్ళతో చూశాకే సీలు వేశాను. రెండింటి దాకా ఎందుకు, ఖలఫ్‌ని ఇప్పుడే పంపించెయ్."